ఎనిమిదో ఫారం

ఆ స్కూల్లో పెద్ద తరగతులకు సాహిత్యం చెప్పే మేడమ్‌కు పిల్లలు పెట్టుకున్న పేరు ఎన్నోపేజీ మేడమ్. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కోప్పడలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది కూడా. మిగతావాళ్ళకు పొట్టను బట్టో, నడకను బట్టో పేర్లొచ్చాయి. లెక్కల మేష్టారైతే పాపం, గుమ్మడికాయ అయి కూర్చున్నాడు. తనకు మాత్రం చేసే పనిని బట్టి వచ్చింది. అంతకన్నా ఏం కావాలి?

ఆమె పాఠమంతా మూడు మెట్లు. మాట, ఆధారం, వివరణ. ఏడాది మొదట్లో తరగతిలోకి అడుగుపెట్టగానే ఇదే చెప్పేది. "కథంటే ఏం జరిగిందన్నది. ఇతివృత్తమంటే, ఆ జరిగినదాంతో రచయిత మనకేం చెప్తున్నాడన్నది. ఏం చెప్తున్నాడో ముందు ఒక మాటలో రాయండి. అది పుస్తకంలో ఎక్కడుందో చూపించండి. చూపించింది మీ మాటకి ఎలా సరిపోయిందో విడమర్చండి. అంతే. నాకలా అనిపించింది, మా అన్నయ్య చెప్పాడు, అందరూ అనుకుంటున్నారు, ఇలాంటివి నా దగ్గర చెల్లవు. ఎన్నో పేజీ? ఎన్నో లైను?"

ఈ అలవాటు ఇంటిదాకా పాకింది. ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు, మాట తక్కువ మనిషి. ఆయన ఎప్పుడైనా భోజనం దగ్గర, "కూరలో ఉప్పు ఎక్కువైనట్టుంది" అంటే, "ఆధారం?" అనేది. ఆయన మంచినీళ్ళ గ్లాసు పైకెత్తి, "ఇది మూడోది" అని చూపించి మళ్ళీ తల వంచుకుని తినేవాడు. కాపురం అలా సాక్ష్యాధారాలతో సాఫీగానే సాగుతోంది.

ఆ సోమవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూములో కూర్చుని ఆమె అరవై రెండు పేపర్లు దిద్దుతోంది. కూర్చున్న కుర్చీకి మూడే కాళ్ళు. నాలుగో కాలి చోట ఇటుక ఉంది. కొత్త కుర్చీ కావాలని ఆమె ఏడాదికొక అర్జీ రాస్తుంది. ఇప్పటికి పదకొండు రాసింది. రాసి, ఇచ్చి, ఓపిగ్గా ఎదురుచూస్తుంది. ఎర్రపెన్నుతో పేపరు మీదికి వంగినప్పుడల్లా ఇటుక కిర్రుమనేది.

పరీక్షలో ప్రశ్న ఏటా అడిగేదే. పిల్లలంతా కోడలి నవల అని పిలిచే నవల మీద: ఈ నవల ఇతివృత్తమేమిటి, ఆధారాలతో రాయండి. పెద్దింటికి కోడలిగా వచ్చిన ఒక అమ్మాయి కథ అది. తాళాల గుత్తి అత్తగారి దగ్గర. పిడికెడు పప్పు కావాలన్నా కొట్టుగది తెరిపించమని అత్తగారిని బతిమాలుకోవాలి. ఏళ్ళతరబడి ఆ కోడలు అన్నీ భరిస్తుంది. నూట పన్నెండో పేజీ చివర, 'కోడలు కొట్టుగది తలుపు వైపు ఒక్కసారి చూసింది' అని ఉంటుంది. ఎదురు పేజీ పై లైనులోనే, 'అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకుని తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టింది' అని ఉంటుంది.

ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న ఖాళీ అంటే మేడమ్‌కు ప్రాణం. దాని మీద తన నోట్సులో నాలుగు పేజీలు రాసింది. 'ఒక్క చూపు! ఆ చూపులో ఎన్నేళ్ళ ఓర్పు! రచయిత ఏమీ చెప్పకుండానే అంతా చెప్పాడు. దీన్నే మౌనశిల్పం అంటారు.' ఇరవై రెండేళ్ళుగా పిల్లలు ఆ నాలుగు పేజీలూ బట్టీపట్టి రాస్తున్నారు. పక్క స్కూళ్ళవాళ్ళు కూడా ఆ నోట్సు జెరాక్సు తీయించుకుపోతారు. అసలు నవల మళ్ళీ అచ్చు కాలేదు. మేడమ్ దగ్గరున్న ఒక్క కాపీనే జెరాక్సు తీసి తరగతికి పంచుతారు. అది ఇరవై రెండేళ్ళ కింద పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఊడిపోయిన కట్ట. ఆమె దాన్ని బైండింగుకిస్తే, ఆ బైండరు మూడు వైపులా ఎడాపెడా కోసి పేజీల నంబర్లు కూడా లేపేశాడు. అప్పుడు ఆమే కూర్చుని ఒకటి నుంచి రెండు వందల ఎనిమిది దాకా పెన్సిలుతో నంబర్లు వేసుకుంది.

దిద్దిన పేపర్లన్నీ ఒకే పాట. 'ఈ నవల ఇతివృత్తం ఓర్పు. ఓర్చినమ్మకు తేటనీరు అన్నట్లు...' పదహారు, పదిహేను, పదహారు, పద్నాలుగు. ఇరవై ఎవరికీ వేయదు. ఇరవై రచయితకు, పంతొమ్మిది తనకు, పద్దెనిమిది నుంచి పిల్లలకు అని ఆమె లెక్క. ఆ లెక్క తప్పి ఒక్కసారి పంతొమ్మిది వేసింది, మొదటి బ్యాచిలో. ఆ పిల్లాడే ఇప్పుడు ఆ స్కూలుకు ప్రిన్సిపాలు.

నలభై ఎనిమిదో పేపరు నత్తది. నత్త అంటే చివరి బెంచీ మూల కూర్చునే అమ్మాయి. భోజనం చివర్న ముగిస్తుంది, పేపరు చివర్న ఇస్తుంది, గంట కొట్టాక అందరూ వెళ్ళిపోతే ఆఖర్న సంచీ సర్దుకుంటుంది. రెండేళ్ళలో ఆ పిల్ల నోటి నుంచి 'ప్రెజెంట్ మేడమ్' తప్ప ఇంకో మాట విన్నవాళ్ళు లేరు. అలాంటి పిల్ల పేపరు మొదలుపెట్టడమే ఇలా పెట్టింది: 'ఈ నవల ఇతివృత్తం ఓర్పు కాదు. అడగందే అమ్మయినా పెట్టదన్నది ఇతివృత్తం.'

మేడమ్ కుర్చీలో నిటారుగా అయింది. ఇటుక కిర్రుమంది.

కింద ఆధారం: 'అడిగినప్పుడు మీకు వినపడలేదు. ఇప్పుడు తాళం నా దగ్గరుంది, ఇప్పుడు వినపడుతుంది అంది కోడలు. (119వ పేజీ, పై నుంచి ఆరో లైను.)'

మేడమ్ సొరుగులోంచి తన కాపీ తీసింది. చూడక్కర్లేదు, ఆ నవల ఆమెకు కంఠతా వచ్చు; అయినా ధర్మం కాబట్టి తీసింది. నూట పంతొమ్మిదో పేజీ, పై నుంచి ఆరో లైను. అక్కడ మామగారు వర్షానికి కారుతున్న పైకప్పు కింద గిన్నె పెడుతున్నాడు. ముందు పేజీ చూసింది, వెనక పేజీ చూసింది. ఎక్కడా కోడలు నోరు తెరవదు. తెరిస్తే ఆమె కోడలెలా అవుతుంది?

లేని వాక్యాన్ని ఉన్నట్టు రాయడం! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదేళ్ళ కింద ఒక మహానుభావుడు 'జీవితమొక పోరాటం (300వ పేజీ)' అని రాసినప్పుడు, రెండు వందల ఎనిమిది పేజీల పుస్తకంలో మూడు వందలో పేజీ ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అని అడిగి, అప్పుడే ఒక నియమం పెట్టించింది. ఆధారం కల్పించి రాస్తే అది కాపీ కొట్టినట్టే. సున్నా వేసి, ఎర్ర రిజిస్టరులో పేరెక్కించి, ఆ ఏడాది పెద్ద పరీక్షకు కూర్చోనివ్వకూడదు. ఆ నియమం తనదే. రిజిస్టరు మీద శుక్రవారం ప్రిన్సిపాలు సంతకం పెట్టి పంపిస్తాడు.

సున్నా వేసింది. అంత గుండ్రంగా ఆమె ఎప్పుడూ వేయలేదు.

మంగళవారం తరగతిలో నత్తను లేపి నిలబెట్టింది.

"ఈ వాక్యం ఎక్కడిది?"

"పుస్తకంలోది మేడమ్."

"ఏ పుస్తకంలోది?"

"మా అమ్మమ్మ పుస్తకంలోది."

తరగతి గొల్లుమంది. అన్నయ్యలు, బాబాయిలు, ట్యూషన్ మాస్టర్లు ఇదివరకు చాలామంది వచ్చారు గానీ, ఆధారంగా అమ్మమ్మ రావడం ఇదే మొదటిసారి.

"అయితే తీసుకురా, చూద్దాం."

"మా అమ్మమ్మ పుస్తకాలు గుమ్మం దాటనివ్వదు మేడమ్."

"ఆహా! ఎందుకట?"

"పుస్తకం, గొడుగు బయటికెళ్తే తిరిగిరావంటుంది."

ఇంకోసారి గొల్లుమన్నారు. ఆ పిల్ల ఏడవలేదు. బెంచీ అంచును రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపటికి, వినీ వినపడనట్టు, "మీరే రండి మేడమ్" అంది. ఎన్నోపేజీ మేడమ్‌ను ఇంటికి రమ్మనడమా! మేడమ్ ఎర్ర రిజిస్టరు తెరిచి పేరు రాసి మూసేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త కిటికీ దగ్గర ఒక గోడగడియారం విప్పి, చక్రాలు గుడ్డమీద వరసగా పేర్చుకుంటున్నాడు. ఆమె జరిగిందంతా చెప్పి, "ఎంత ధైర్యం చూడండి! లేని వాక్యానికి పేజీ, లైను కూడానూ!" అంది.

"లేదా?" అన్నాడాయన, తలెత్తకుండా.

"లేదు."

"వెళ్ళి చూశావా?"

"లేనిదాన్ని వెళ్ళి చూసేదేమిటండీ?"

ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, ఆమె వైపు తిరిగి, ఇరవై రెండేళ్ళుగా ఆ మాట కోసమే గ్లాసులు లెక్కపెట్టుకుంటూ వచ్చినవాడిలా, మెల్లిగా అన్నాడు. "లేదనడానికి ఆధారం?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట కూరలో ఉప్పే లేదు. ఆయన ఆ విషయం ఎత్తలేదు.

బుధవారం స్కూలు వదిలాక, తన కాపీ సంచీలో పెట్టుకుని, నత్త వెనకాల నడిచింది. ఆ పిల్ల నడకకు తన నడక కలపడానికి మధ్యమధ్యలో ఆగాల్సొచ్చింది. ఇరుకు మెట్లెక్కితే మేడమీద రెండు గదులు. మొదటి గదిలో ఒక మంచం, ఒక బల్ల, గోడపొడుగునా అద్దాల బీరువా. బీరువాలో పుస్తకాలు ఒకే ఎత్తున, ఒకే వరసన, ఒక్కటి కూడా పక్కకు వాలకుండా నిలబడి ఉన్నాయి. అమ్మమ్మ బల్ల దగ్గర కూర్చుని చిరిగిన పంచాంగానికో దేనికో కాగితం ముక్క అతికిస్తోంది. బొటనవేళ్ళు రెండూ చెక్కల్లా గట్టిపడి ఉన్నాయి.

"మా మేడమ్, అమ్మమ్మా" అంది నత్త.

అమ్మమ్మ ఎగాదిగా చూసింది. "నువ్వేనా, మా పిల్ల అబద్ధం రాసిందన్నావ్?"

"పుస్తకం చూద్దామని వచ్చానండీ."

"చూద్దువుగాని. అటుపక్క కుళాయుంది. ముందు చేతులు కడుక్కో."

మేడమ్ చేతులు కడుక్కుంది. తుడుచుకోవడానికి అమ్మమ్మే తువ్వాలు ఇచ్చింది. వేళ్ళ మధ్య తడి ఉందేమోనని వంగి చూసింది కూడా.

"ఇప్పుడు చెప్పు. ఎన్నో పేజీ?"

ఆ ప్రశ్న ఎవరైనా తనను అడగడం మేడమ్‌కు జన్మలో ఇదే మొదలు. గొంతు సవరించుకుని, "నూట పంతొమ్మిది" అంది.

అమ్మమ్మ బీరువా తెరిచి, రెండు వేళ్ళతో పుస్తకం వెన్ను పట్టి, పక్క పుస్తకాలు కదలకుండా బయటికి తీసి, బల్లమీద పరిచిన గుడ్డ మీద పెట్టింది. అదే నవల. దీనికి అట్టా ఉంది, అడుగున అచ్చయిన నంబర్లూ ఉన్నాయి. నూట పంతొమ్మిదో పేజీ, పై నుంచి ఆరో లైను. 'అడిగినప్పుడు మీకు వినపడలేదు.' అక్షరం పొల్లుపోలేదు.

మేడమ్ వెనక్కి తిప్పింది. నూట పన్నెండో పేజీ చివర, 'కోడలు కొట్టుగది తలుపు వైపు ఒక్కసారి చూసింది.' ఆ తర్వాత నూట పదమూడు. 'చూసి, గబగబా వెళ్ళి తన పెట్టెలోంచి కొత్త తాళం తీసుకొచ్చింది.'

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అమ్మమ్మ అడ్డుచెప్పలేదు.

పదహారు పేజీలు. వాటిలో కోడలు అత్తగారిని తాళాలు అడుగుతుంది, మర్యాదగానే అడుగుతుంది. లేదంటారు. కొట్టుగదికి తన తాళం వేసి, చెవి పిడికిట్లో పట్టుకుని, గడప మీద మూడు రోజులు కూర్చుంటుంది. మామగారు బతిమాలతాడు, మొగుడు కేకలేస్తాడు, చుట్టుపక్కలవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నది జాలితో కాదు, ఆకలితో. చదువుతుంటే ఒకచోట మేడమ్‌కు నవ్వాగలేదు. ఇంకోచోట కళ్ళు తడిసి అక్షరాలు అలుక్కుపోతే, పుస్తకం మీద పడతాయేమోనని అమ్మమ్మ చటుక్కున గుడ్డ అడ్డం పెట్టింది. ఇంత మంచి నవలా ఇది! ఇన్నేళ్ళూ ఇంత మంచి నవలను తను చదవనే లేదా! సిగ్గు తర్వాత వచ్చింది. ముందొచ్చింది మాత్రం సంతోషమే.

"అయితే ఆ మౌనశిల్పం..." అంది తనలో తను.

"ఏ శిల్పం?" అంది అమ్మమ్మ. "ఏదీ, నీ పుస్తకం ఇలా ఇవ్వు."

అమ్మమ్మ ముప్ఫై ఒక్కేళ్ళు అచ్చాఫీసులో ఫారాలు కుట్టింది. పెద్ద కాగితం మడిస్తే పదహారు పేజీలు, అదొక ఫారం, అలాంటి ఫారాలు వరసగా పేర్చి కుడితే పుస్తకం అని చెబుతూనే, మేడమ్ కాపీ వెన్ను పక్కన బొటనవేలు జరుపుకుంటూ పోయింది. "రెండొందల ఇరవై నాలుగు పేజీలు. పద్నాలుగు ఫారాలుండాలి. పదకొండు, పన్నెండు, పదమూడు. ఎనిమిదోది కుట్టలేదు వెధవ. ఇది నేను కుట్టింది కాదు తల్లీ. నేను కుట్టుంటే ఈపాటికి చేతులు నరుక్కునేదాన్ని."

"మరి ఆ ఫారం ఏమైనట్టు?"

అమ్మమ్మ చిన్న చాకుమొనతో వెన్ను మీది గుడ్డ ఒక మూల లేపింది. లోపల, జిగురుకు బలంగా ఉండాలని, కాగితం పేలికలు అడ్డంగా అతికించి ఉన్నాయి. ఒక పేలిక మీద తలకిందులుగా అచ్చు కనిపించింది. మేడమ్ మెడ వంచి చదివింది. '...ళం నా దగ్గరుంది, ఇప్పు...'

"కింద పడ్డ ఫారాన్ని చెత్తకాగితం అనుకున్నాడు. అతుక్కి వాడేశాడు" అంది అమ్మమ్మ. "ఇన్నేళ్ళూ నీ పుస్తకంలోనే ఉంది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని సామెత. తనైతే వెతకనైనా లేదు. పిల్లే లేదని రిజిస్టరులో రాసి వచ్చింది. ఇన్ని బ్యాచుల్లో ఒక్కరంటే ఒక్కరు, ఇక్కడేదో తెగినట్టుంది మేడమ్ అని అనలేదు. ఎందుకంటారు? నవల చదివితే కదా. చదివిన ఒక్క పిల్లకు తను సున్నా వేసింది. మేడమ్ నత్త వైపు చూసింది. ఆ పిల్ల గోడకానుకుని, అరచేత్తో నోరు మూసుకుని నవ్వాపుకుంటోంది.

"వెళ్ళొస్తానండీ" అంది మేడమ్ లేచి.

"ఆ రిజిస్టరులో పేరు?" అంది అమ్మమ్మ.

"కొట్టేయిస్తాను."

"ఎప్పుడు?"

"శుక్రవారంలోపల."

"మాటేనా?" అంది అమ్మమ్మ, పుస్తకం బీరువాలో పెడుతూ. "ఆధారం ఏమైనా ఇచ్చిపోతావా?"

మేడమ్ తన కాపీని బల్లమీదే వదిలేసి వచ్చింది.

గురువారం పొద్దున్నే ప్రిన్సిపాలు గదికి వెళ్ళింది. ఆయన టేబులు వెనక గోడకు, పటం కట్టించి, మొదటి బ్యాచి నాటి జవాబు పత్రం వేలాడుతోంది. ఇరవైకి పంతొమ్మిది. మేడమ్ చెప్పిందంతా ఆయన తల ఊపుతూ విన్నాడు. విని నీళ్ళు నమిలాడు.

"మీరు చెప్పింది నిజమే కావచ్చు మేడమ్. కానీ ఇప్పుడు కాదు. పరీక్షలు నెత్తిమీదున్నాయి. బయట పేపర్లు దిద్దేవాళ్ళు కూడా మీ నోట్సే ముందు పెట్టుకుంటారు. ఇప్పటికిప్పుడు ఇతివృత్తం మారిందంటే ఊరుకుంటారా? ఇన్నేళ్ళ మార్కుల సంగతేంటని అడగరూ?"

"అడగాల్సిందే కదా."

"ఆ పిల్లకి పోయేది ఒక్క ఏడాది. వచ్చే ఏడు రాసుకుంటుంది. మెల్లిగా సర్దుదాం."

"మీరు నవల చదివారా?"

"భలేవారే! నేను మీ శిష్యుణ్ణి మేడమ్. పంతొమ్మిది వేశారు నాకు."

"మార్కులు అడగలేదు. నవల చదివావా?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయ్యేసరికి ప్రిన్సిపాలుకు తెలియకుండానే నడుం వంగింది. "నోట్సు చదివానండీ" అన్నాడు. "రెండుసార్లు."

మేడమ్ గోడమీది పటం వైపు చూసింది. ఆయన ధైర్యం తెచ్చుకుని, "కాస్త ఓపిక పట్టండి మేడమ్. ఓర్చినమ్మకు తేటనీరని మాకు నేర్పింది మీరే కదా" అన్నాడు.

అది ఆయన అనకుండా ఉండాల్సింది. మేడమ్ స్టాఫ్‌రూముకు వచ్చింది. పదకొండు అర్జీలు గుర్తొచ్చాయి. మర్యాదగా రాసి, మర్యాదగా ఇచ్చి, వానెప్పుడు వస్తుందా అన్నట్టు ఎదురుచూసిన పదకొండేళ్ళు. అన్ని తరగతుల మార్కుల పట్టీలు, దిద్దిన కట్టలు, ఎర్ర రిజిస్టరు, అన్నీ ఆ మూల ఇనప బీరువాలో ఉంటాయి. పరీక్షల బాధ్యత ఆమెదే కాబట్టి తాళంచెవీ ఆమెదే. బీరువాకు తాళం వేసింది. చెవిని కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేసుకుంది. కుర్చీని, దాంతోపాటు ఇటుకను మోసుకొచ్చి, బీరువాకు వీపు ఆనించి కూర్చుంది.

గంట కొడితే వెళ్ళి పాఠం చెప్పేది, మళ్ళీ వచ్చి కూర్చునేది. పట్టీలన్నీ శుక్రవారం సాయంత్రం ఐదింటికి పంపాలి. లెక్కల మేష్టారు తన కట్ట కోసం వచ్చి, ఆమె ముఖం చూసి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగాడు. ప్రిన్సిపాలు మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి దగ్గి వెళ్ళాడు.

శుక్రవారం మధ్యాహ్నం భర్త క్యారేజీ పట్టుకుని వచ్చాడు. బీరువాను, ఇటుకను, మెడలో తాళంచెవిని ఒక్కొక్కటే చూశాడు.

"ఎన్నో రోజు?" అన్నాడు.

"రెండోది."

"వంట నేనే చేశాను. ఉప్పు సరిపోయింది. నేను ఒక్క గ్లాసే తాగాను." ఆమె తిన్నంతసేపూ పక్కనే నిలబడి, ఖాళీ క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన మీద ఆమెకు పుట్టినంత ప్రేమ ఈ మధ్య ఎప్పుడూ పుట్టలేదు.

మూడింటికి ప్రిన్సిపాలు లోపలికే వచ్చేశాడు. "మేడమ్, రెండు గంటలే ఉంది. ఏంటండీ ఇది?"

"నిన్న అడిగితే మీకు వినపడలేదు" అంది మేడమ్. "ఇప్పుడు తాళం నా దగ్గరుంది. ఇప్పుడు వినపడుతుంది."

"ఎవరైనా వింటే బాగుంటుందా? ఎక్కడి మాటలండీ ఇవి?"

"నూట పంతొమ్మిదో పేజీ. పై నుంచి ఆరో లైను."

ఆయన చెయ్యి చాచాడు. రిజిస్టరు తీసి ఇచ్చింది. ఆమె చూస్తుండగానే ఆ పిల్ల పేరు మీద గీత గీసి, సంతకం పెట్టి, తారీఖు వేశాడు. పట్టీలన్నీ ఆయన చేతిలో పెట్టబోయి ఆగింది. "ఇంకొకటుంది. కుర్చీ."

"కుర్చీ సంగతి ఇప్పుడెందుకండీ మధ్యలో!"

"అడగందే అమ్మయినా పెట్టదు."

చివరి పీరియడుకు మేడమ్ కబురు మీద, పుస్తకాన్ని ఒంటరిగా గుమ్మం దాటనివ్వలేక, నత్త వాళ్ళ అమ్మమ్మ స్వయంగా వచ్చింది. నవలను గుడ్డలో చుట్టి చంటిపిల్లలా పట్టుకొచ్చి, జెరాక్సు మెషీను పక్కనే నిలబడి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ఎనిమిదో ఫారం తనే తిప్పి తీయించింది. "ఇంకా గట్టిగా నొక్కితే వెన్ను విరుగుతుంది నాయనా" అని మెషీనుతోనే చెప్పింది. మళ్ళీ గుడ్డలో చుట్టుకుని, లెక్కచూసుకుని వెళ్ళిపోయింది.

ఆ కాగితాలు పంచాక మేడమ్ తరగతి ముందు నిలబడింది. "నోట్సులో మౌనశిల్పం నాలుగు పేజీలున్నాయి కదా. కొట్టేయండి" అంది. "తప్పు నాది. ఆధారం చూడకుండా మాట చెప్పాను. చెప్పినదానికి పేరు కూడా పెట్టాను. చూసి రాసిన పిల్లకి సున్నా వేశాను."

నాలుగు పేజీలు బట్టీ తప్పిందని తరగతంతా ఒక్క క్షణం సంబరపడింది. మరుక్షణం, అయితే నవల చదవాలి కాబోలని అందరికీ అర్థమై, కుక్కిన పేనుల్లా ఊరుకున్నారు.

మేడమ్ నత్తను పిలిచి పేపరు చేతికిచ్చింది. సున్నా కొట్టేసి ఉంది. పక్కన పదిహేడు. తరగతిలో అదే ఎక్కువ. ఆ పిల్ల తీసుకుని, తన పద్ధతిలో, నింపాదిగా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూసుకుంది. మళ్ళీ మొదటికి వచ్చింది. కూర్చోవడానికి వెళ్ళలేదు.

"ఏమ్మా?" అంది మేడమ్.

"మూడు మార్కులు ఎక్కడ పోయాయి మేడమ్?"

గొంతు చిన్నదే. అయినా చివరి బెంచీ దాకా వినపడింది. ఎవరో పెన్ను కింద పడేశారు, తీసుకోలేదు.

"ఎక్కడంటే..." అంది మేడమ్. పేపరు వెనక్కి తీసుకుంది. ప్రిన్సిపాలు గది నుంచి వచ్చిన నాలుగు కాళ్ళ కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది. తాళంచెవి ఇంకా తాడుకే ఉంది, కాగితం మీద కొట్టుకుంది. మాట చదివింది. సరిగ్గానే ఉంది. ఆధారం చదివింది. పేజీ, లైను, అక్షరం, అన్నీ సరే. వివరణ దగ్గర దొరుకుతుంది అనుకుంది. చదివింది. మళ్ళీ చదివింది. ఎర్రపెన్ను మొన ఒక్కో లైను కిందగా జరుగుతూ పోయి, అడుగుకు చేరి, ఎక్కడా ఆగలేదు. గంట కొట్టారు. ఒక్కరు కూడా లేవలేదు.

పదిహేడు ఎందుకు వేసిందంటే, అలవాటు కాబట్టి. అంతకన్నా ఆధారం లేదు.

ఆమె పదిహేడును కొట్టేసి, ఇరవై వేసింది. చెయ్యి కొంచెం వంకర తిరిగింది. ఆ అంకె వేయడం దానికి కొత్త.

"ఇదిగో. ఎక్కువ సంబరపడకు" అంది. "అక్షరాలు గుండ్రంగా రావాలి ఇంకా."

"ఏ లైనులో మేడమ్?" అంది నత్త.